బల్ల దగ్గర చెప్పని మాట

తల్లి తడిబట్టల బకెట్టు గుమ్మంలో పెట్టి, తలెత్తి మేడ మీదికి కేకేసింది.

"అమ్మాయ్! ఇవాళ బట్టలు బయట ఆరెయ్యనా, లోపలా?"

మేడ మీంచి కోడలి గొంతు వచ్చింది. "మధ్యాహ్నం దాకా బయటే ఉంచండి అత్తయ్యా. ఆ తర్వాత గాలి తిరుగుతుంది."

కింద వంటింట్లో టీ తాగుతున్న కూతురు కప్పు బల్ల మీద పెట్టింది. ఉపగ్రహాలు పంపే సమాచారంతో సముద్రం మీది గాలుల్ని లెక్కగట్టే ఆఫీసులో ఆమె ఇరవై ఏళ్ళుగా పనిచేస్తోంది. బట్టల సంగతి ఇన్నేళ్ళూ తల్లి ఆమెనే అడిగేది. సముద్రం మీది గాలికీ పెరట్లో తీగ మీది దుప్పటికీ సంబంధం లేదని ఎన్నిసార్లు చెప్పినా వినకుండా అడిగేది.

"నేనిక్కడే ఉన్నానుగా?" అంది.

"నిన్నడిగితే సముద్రానికీ పెరటికీ సంబంధం లేదంటావు. అది ఏదో ఒకటి చెప్తుంది."

"ఏదో ఒకటి చెప్పడానికేనా అంత చదువు?"

"బట్టలు ఆరుతున్నాయి కదే!"

ఇంకో రోజైతే ఆమె నవ్వేదే. ఆ రోజు నవ్వు రాలేదు. తాళాలు తీసుకుని బయటికి నడిచింది.

మరదలిని ఆ ఇంటికి తెచ్చింది ఆమే. తన దగ్గర శిక్షణకు వచ్చిన పిల్ల చురుకుదనం చూసి ముచ్చటపడి ఆఫీసులో ఉద్యోగం వేయించింది, తర్వాత తమ్ముడికి చూపించింది. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ మేడ మీద కాపురం పెట్టారు. పెళ్ళి వద్దనుకున్న ఆమె తల్లితో కింద ఉండిపోయింది. "ఆ పిల్లకి రెండు తలుపులూ తీసింది నేనే" అని మొదట్లో అందరికీ చెప్పుకునేది. ఈమధ్య చెప్పుకోవడం మానేసింది. ఏకు మేకై కూర్చుందన్న మాట మనసులో మెదిలేది. మెదిలినందుకు సిగ్గుపడేది. సిగ్గుపడి, మళ్ళీ అదే అనుకునేది.

ఇద్దరూ ఒకే కారులో ఆఫీసుకు వెళ్ళేవారు. ఆమె నడిపేది. మరదలు పక్క సీట్లో కూర్చుని జడ వేసుకునేది.

ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. గాలిని లెక్కగట్టే ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ తెరుచుకోదు. బోయాల ఇంజనీరు ఆ మాట చెప్పి వారానికోసారి తనే నవ్వుకునేవాడు. బోయాలంటే సముద్రంలో లంగరేసి నిలిపిన తేలే యంత్రాలు. ఒక్కోదాని మీద ఒక గుంజ, గుంజ కొసన గాలిని కొలిచే పరికరం. ఓడలో వెళ్ళి వాటిని దించడం, పాడైతే మార్చడం ఆయన పని.

ఆమె పని వేరు. ఉపగ్రహం గాలిని చూడలేదు. అది పైనుంచి రేడియో తరంగాలు వదులుతుంది. గాలి తగిలిన చోట నీటి మీద చిన్న చిన్న ముడతలు లేస్తాయి. ముడతలు ఎక్కువైతే తిరిగొచ్చే ప్రతిధ్వని పెరుగుతుంది. ఆ ప్రతిధ్వని బలాన్ని వేర్వేరు కోణాల నుంచి చూసి గాలి ఎంత, ఎటు అనేది లెక్క తేలుస్తారు. ఒక్కోసారి లెక్క ఒకే చోట రెండు మూడు దిక్కులు చూపిస్తుంది. అందులో ఏది నిజమో కంప్యూటరు ఎంచుతుంది, కంప్యూటరు ఎంచింది సరైనదో కాదో ఆమె చూస్తుంది. తెర నిండా బాణాలుంటాయి. ఎదురు తిరిగి నిలబడ్డ ఒక్క బాణాన్ని ఆమె గది గుమ్మంలోంచే పట్టుకోగలదని చెప్పుకునేవారు. వెనకాల ఆమెను "కొలబద్ద" అనేవారు. అది ఆమెకు తెలుసు. ఇష్టమే.

ఆ గదిలో ఒక కట్టుబాటు ఉండేది. పెట్టింది ఆమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన ఆమె లెక్కలోని తప్పును మీటింగులో తెర మీద వేసి అందరికీ చూపించాడు. ఆమె నీళ్ళగదిలోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. తనకు పెద్దరికం వచ్చాక నియమం పెట్టింది. ఎవరి లెక్కలో తప్పు కనిపించినా ముందు వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళి చెప్పాలి. అక్కడ తేలకపోతేనే మీటింగు. ఇది ఎక్కడా రాసిలేదు. కొత్తగా చేరినవాళ్ళకు టీ ఎక్కడ దొరుకుతుందో, నీళ్ళగది ఎటో చెప్పినట్టే ఈ సంగతీ మొదటిరోజే చెప్పేవారు.

అంతకు ముందు ఏడు కొత్త ఉపగ్రహం పైకి వెళ్ళింది. దాని గాలుల జట్టుకు ఒకరు నాయకత్వం వహించాలి. ఆ కుర్చీ మీద ఆమె ఆశ పెట్టుకుంది. పాత ఉపగ్రహాల కాలం నుంచి ఉన్నది ఆమే కాబట్టి అది తనదేననుకుంది. అయితే కొత్త ఉపగ్రహం మొదటి ఏడాది కొలతల్ని బోయాల కొలతలతో పోల్చి చూసే పనిని డైరెక్టరు మరదలికి ఇచ్చాడు. ఆ పోలిక మీటింగులో నెగ్గితే కుర్చీ ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

మీటింగుకు ముందురోజు పక్క ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. గుమ్మంలో నిలబడి, "గాలులు చూసే అమ్మాయి ఎక్కడుంటుంది?" అని ఆమెనే అడిగింది.

ఆమె వేలితో కిటికీ పక్కనున్న మరదలి బల్ల చూపించింది. వచ్చినావిడ ఆమెకు థాంక్స్ చెప్పి ఆమెను దాటుకుని వెళ్ళిపోయింది.

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి మరదలి నివేదిక తెరిచింది. చదవాలని తెరవలేదు, వెతకాలని తెరిచింది. బోయాలన్నింటి దగ్గరా ఉపగ్రహం లెక్క, బోయా లెక్క ఒకదానికొకటి అతికినట్టున్నాయి. రెండు బోయాల దగ్గర మాత్రం తేడా ఉంది. అక్కడ ఉపగ్రహం గాలిని ఎక్కువ చూపిస్తోంది.

ఆ రెండూ పాత రకం బోయాలు. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. పాత బోయాల గుంజ పొట్టిది. గాలి నీటికి దగ్గరలో నెమ్మదిగా, పైకి పోయేకొద్దీ జోరుగా వీస్తుంది. ఉపగ్రహం లెక్క పది మీటర్ల ఎత్తుకు కడతారు. కాబట్టి పొట్టిగుంజ లెక్కను ఆ ఎత్తుకు పెంచి, అప్పుడే రెంటినీ పోల్చాలి. కొత్త బోయాలు ఆ పెంపు తామే చేసి పంపుతాయి. పాతవాటికి మనిషి చెయ్యాలి. మరదలు మరిచిపోయింది.

ఆమె తనే పెంచి చూసింది. తేడా పోయింది. మాయమైనట్టు పోయింది. ఏడాది మొదటి నెలలు చూసింది, ఆ తర్వాతి నెలలు ఒకటి రెండు చూసింది. అన్నిట్లోనూ పోయింది. చాలనుకుంది. ఒంట్లో ఏదో చల్లగా పాకినట్టయింది. ఆకలి కూడా వేసింది.

లేచి నాలుగడుగులు వేస్తే మరదలి బల్ల. ఆమె లేవలేదు. తేడా పోయినట్టు చూపే గ్రాఫు బొమ్మలు రెండు తయారుచేసి మర్నాటి మీటింగు కోసం పక్కన పెట్టుకుంది.

సాయంత్రం మరదలే వచ్చింది. "వదినా, ఆ రెండు పాత బోయాల సంగతి మీతో మాట్లాడాలి. ఒక్క పది నిమిషాలు. నాకొకటి తట్టింది, మీరు చూసి అవునో కాదో చెప్పాలి."

దానికీ అనుమానం వచ్చిందన్నమాట, ఇప్పుడు చెప్తే దిద్దేసుకుంటుంది అనుకుంది. ఆమె తెర మీది బొమ్మల్ని కిందికి దించింది.

"రేపు మీటింగు ఉందిగా. అక్కడ మాట్లాడుకుందాం."

"మీటింగులో ఎందుకు వదినా, ముందు మీరు..."

"తల నొప్పిగా ఉందే."

ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో మరదలు తలనొప్పి మాత్ర ఇచ్చింది. ఆమె తీసుకుంది. నొప్పి లేకపోయినా, మరదలు చూస్తోంది కాబట్టి మింగింది.

మర్నాడు మీటింగు గదిలో బోయాల ఇంజనీరు ముందు వరసలో కూర్చున్నాడు. డైరెక్టరు చివర కూర్చున్నాడు. ఆయనకు ఎప్పుడూ చివర కూర్చునే అలవాటు. మరదలు ఒక్కో బోయా చూపిస్తూ పోయింది. పాత బోయాలు రెండూ రాగానే ఆమె చెయ్యెత్తింది.

"ఇక్కడ తేడా ఎందుకొచ్చింది?"

"దాని గురించే చివర్లో చెప్తాను వదినా," అంది మరదలు. మీటింగులో వదినా అని పిలవకూడదని తనే పెట్టుకున్న నియమం మరిచిపోయి అంది.

"చివరిదాకా ఎందుకు? నేను చెప్తాను." ఆమె తన బొమ్మలు తెర మీద వేయించింది. "ఇవి పొట్టిగుంజ బోయాలు. ఎత్తు పెంపు చెయ్యడం మరిచిపోయారు. చేస్తే ఇదిగో, తేడా లేదు. ఇది మొదటి ఏడాది విద్యార్థి చేసే తప్పు."

గదిలో ఎవరో దగ్గారు. మరదలు ఆ బొమ్మల్ని చాలాసేపు చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"పెంపు చేశాను," అంది. "మీరు దాని మీద రెండోసారి చేశారు."

"రెండోసారి చేస్తే తేడా పోవడమేమిటి?"

"మీరు ఏడాదిలో ఏ నెలలు చూశారు?"

మరదలు తన ఫైలు తెరిచి చివరి నెలల బొమ్మ వేసింది. అక్కడ ఉపగ్రహం గాలిని తక్కువ చూపిస్తోంది. ఎత్తు పెంపు మరిచిపోతే ఉపగ్రహం ఎప్పుడూ ఎక్కువే చూపించాలి. తక్కువ చూపించే దారే లేదు. ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

"అక్కడ నీరు పారుతుంది," అంది మరదలు. ఇప్పుడు అందరికీ చెప్తోంది. "బోయా లంగరేసుకుని ఒకచోట నిలబడుతుంది. దానికి తగిలేది అసలు గాలి. ఉపగ్రహం చూసేది నీటి మీది ముడతల్ని. నీరు గాలికి ఎదురు నడిస్తే దానికి గాలి ఎక్కువ తగులుతుంది, ముడతలు పెరుగుతాయి. గాలి పోయే వైపే నడిస్తే తక్కువ తగులుతుంది. ఏడాది మొదట్లో అక్కడి ప్రవాహం గాలికి ఎదురు. చివర్లో అది తిరగబడుతుంది. తేడా కూడా దాంతోపాటు తిరగబడింది. ఇది తప్పు కాదు. ఉపగ్రహం ప్రవాహాన్ని కూడా పట్టుకుంటోంది."

బోయాల ఇంజనీరు కుర్చీలో వెనక్కి తిరిగాడు. "మరి ఆ రెంటినీ నేనెందుకు మార్చలేదనుకున్నారు మేడమ్? అక్కడ నీటి జోరుకు ఓడ నిలబడి చావదు. పోయినప్పుడల్లా తోసేస్తుంది. ఈ మాట ఈ గదిలో ఎన్నిసార్లు మొత్తుకున్నాను!"

మొత్తుకున్నాడు. ఆమె ఎదుటే. వాటికి పాత గుంజ ఉండడానికీ, అక్కడ తేడా రావడానికీ కారణం ఒకటే. రెండూ ఆమెకు తెలిసిన సంగతులే.

"నిన్న సాయంత్రం ఇదే చెప్పడానికి మీ దగ్గరికి వచ్చాను," అంది మరదలు. "రేపు మీటింగులో అన్నారు. ఇందుకనా?"

ఆ మాటకు గదిలో ఎవరూ తలెత్తలేదు. ఆమె తన బొమ్మల్ని తెర మీంచి తీయించుకోవడం మరిచిపోయింది. మీటింగు అయ్యేదాకా అవి ఒక మూల అలాగే ఉన్నాయి.

మధ్యాహ్నం డైరెక్టరు పిలిచాడు. ఆయన గదిలో కుర్చీ మీద ఫైళ్ళుంటే తనే తీసి కింద పెట్టాడు.

"కూర్చోండమ్మా. కొత్త జట్టు ఆ అమ్మాయికి ఇస్తున్నాను. ముందు మీకు చెప్పాలనిపించింది."

"లెక్క తప్పాను. ఒప్పుకుంటున్నాను."

"లెక్క ఎవరైనా తప్పుతారు. నేను తప్పితే మీరు దిద్దలేదూ? తప్పయినా ఒప్పయినా, బల్ల దగ్గరికి ఎందుకు వెళ్ళలేదు? నాకు అదొక్కటే అర్థం కాలేదు. ఆ పద్ధతి మాకు నేర్పింది మీరు."

ఆయనకు అర్థమైందని ఆమెకు తెలుసు. ఆయనకు తెలుసన్న సంగతి ఆమెకు తెలుసని ఆయనకూ తెలుసు. ఆమె లేచి, కింద పెట్టిన ఫైళ్ళు మళ్ళీ కుర్చీ మీద పెట్టి వచ్చేసింది.

ఆ సాయంత్రం మరదలు బస్సులో వెళ్ళింది. మర్నాడు పొద్దున కూడా బస్సే. తమ్ముడు కిందికి వచ్చి, "ఏం జరిగిందక్కా?" అన్నాడు. "నీ పెళ్ళాన్నే అడుగు," అంది. "అదేమో మీ అక్కనే అడగమంటోంది. నేనేమన్నా పోస్టుమ్యానునా?" అని వాడు పైకి పోయాడు.

తల్లి ఊరుకోలేదు. చిక్కుళ్ళు గిల్లుతూ సణిగింది. "కారులో ఇదొక్కతే, బస్సులో అదొక్కతే. ఇద్దరూ వెళ్ళేది ఒకే గదికి. ఇంకాస్త కోపమొస్తే ఒకతి పడవలో వెళ్తుంది కాబోలు."

"నీకేం తెలియదమ్మా."

"బట్టలు లోపలే ఆరేస్తున్నాను. పైన అడిగితే మాట్లాడదు, కింద అడిగితే కసురుతుంది. నాకింతే తెలుసు."

ఆ వారమంతా ఆమె ఆఫీసులో తన పని తను చేసుకుపోయింది. ఒకరోజు పని లేని వేళ ఆ రెండు బోయాల ఏడాది లెక్కంతా తెరిచింది. ఈసారి మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా వరసగా చూసింది. తేడా మెల్లగా తగ్గి, సున్నా దగ్గర ఊగి, అటువైపు దిగింది. ప్రవాహం తిరగబడిన వారాన్ని ఉపగ్రహం ఆకాశంలోంచి పట్టుకుంది. గాలిని కొలవడానికి వెళ్ళినది నీటి నడకను కూడా చెప్పింది. ఇరవై ఏళ్ళలో ఆమె ఇంత చక్కటి బొమ్మ చూడలేదు. కుర్చీలో ముందుకు జరిగింది. ఎవరికైనా చూపిద్దామని తలెత్తింది. చూపించదగ్గ మనిషి కిటికీ పక్కన, ఆమెకు వీపు పెట్టి కూర్చుని ఉంది. ఈ బొమ్మ గీసింది ఆ మనిషే.

అప్పుడు మళ్ళీ అసూయ లేచింది. మొదట లేచినంతే, ఏమీ తగ్గకుండా లేచింది. ఇది నాకు ఎందుకు తట్టలేదు అనుకుంది. ఓడ నిలబడదని విన్నాను, గుంజ పొట్టిదని తెలుసు, నీరు పారుతుందని తెలుసు, దీనికి తట్టింది నాకెందుకు తట్టలేదు?

మరదలి నివేదిక మర్నాడు పెద్ద వాతావరణ కేంద్రానికి వెళ్ళాలి. అక్కడివాళ్ళు ఒప్పుకుంటేనే కొత్త గాలులు తుపాను హెచ్చరికల్లోకి, పడవల హెచ్చరికల్లోకి ఎక్కుతాయి. చివరి ప్రతి అందరికీ పంపినట్టే ఆమెకూ పంపింది మరదలు. పైన ఒక్క మాట రాయలేదు. ఆమె చదివింది. ఈసారి వెతకాలని చదవలేదు, అయినా కళ్ళు వాటి అలవాటు అవి మానలేదు. ప్రవాహం పటం దగ్గర ఆగింది. ఏడాది మొదటి నెలల పటం. ప్రవాహం గాలికి ఎదురు నడుస్తుందని కింద రాసి ఉంది. పైన బాణాలు గాలి పోయే వైపే చూస్తున్నాయి.

ఎలా జరిగిందో ఆమెకు వెంటనే తెలిసింది. గాలికి అది వచ్చే దిక్కు పేరు పెడతారు. పడమటి గాలి అంటే పడమటి నుంచి వచ్చేది. ప్రవాహానికి అది పోయే దిక్కు పేరు పెడతారు. మరదలు గాలి బాణాలు గీసే ప్రోగ్రాములో ప్రవాహం అంకెలు పోసింది. బాణాలన్నీ తలకిందులయ్యాయి. లెక్కలో తప్పు లేదు, పటంలో ఉంది. కానీ అక్కడివాళ్ళు ముందు పటమే చూస్తారు. వివరణ మొత్తం తిరగేసి చెప్పారనుకుని నివేదికను పక్కన పడేస్తారు. కొత్త జట్టు నాయకురాలికి గాలికీ నీటికీ తేడా తెలియదని నవ్వుకుంటారు.

ఈసారి మీటింగులో చెప్పక్కర్లేదు కూడా. ఊరుకుంటే చాలు.

ఆమె కాసేపు ఊరుకుంది. ఊరుకోవడం ఎలా ఉంటుందో చూసింది. టీ తెచ్చుకుంది, తాగకుండా పెట్టుకుంది. కప్పు మీద మీగడ కట్టింది. తర్వాత లేచి ఆ నాలుగడుగులూ వేసింది.

మరదలు తలెత్తలేదు. ఆమె పక్కన నిలబడి తెర మీది పటం మీద వేలు పెట్టింది.

"ఇది పంపేశావా?"

"రేపు పంపుతాను."

"ఈ బాణాలు చూడు."

"చూశాను. ఏం?"

"నీకు మొదటిరోజు ఏం చెప్పాను? గాలిని పుట్టింటి పేరుతో పిలవాలి, ప్రవాహాన్ని మెట్టినింటి పేరుతో పిలవాలి. నీ ప్రవాహం చూడవే, మూటాముల్లే సర్దుకుని పుట్టింటికి పోతోంది."

మరదలు పటాన్ని చూసింది. కింద రాసింది చదివింది. మళ్ళీ పటాన్ని చూసింది. చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.

"అయ్యో! ఇది నలుగురు చూశారు వదినా. ఎవరూ పట్టుకోలేదు."

"వాళ్ళు నువ్వు చెప్పింది చూశారు. నేను నువ్వు గీసింది చూశాను."

మరదలు బాణాలు తిప్పడం మొదలుపెట్టింది. తిప్పుతూ, తెర మీంచి చూపు తియ్యకుండా అంది. "మీటింగులు ఉన్నాయిగా. అక్కడ చెప్పకపోయారా?"

"అసలు చెప్పకూడదనే అనుకున్నాను," అంది ఆమె.

మరదలి చెయ్యి మౌసు మీద ఆగింది. తల తిప్పి ఆమెను చూసింది. అబద్ధం కాదని తెలుసుకునేంతసేపు చూసింది. తర్వాత కాలితో పక్క బల్ల కింది కుర్చీని తన బల్ల దగ్గరికి లాగింది.

"కూర్చోండి. ఇంకా ఏమైనా ఉన్నాయేమో చూడండి."

"ఉండకేం? నీ రాతలో తప్పులు లేకపోవడమా!" అంటూ ఆమె కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని, మొదటి పేజీ తెరవమంది.